కోటయ్య పాతర

1999 వేసవి మొదట్లో నేను ఒంగోలులో పనిచేస్తున్నాను. తీరం వెంట సముద్రపు నీళ్ల నాణ్యత చూసే చిన్న కార్యాలయం మాది. అందులో నేను రసాయన శాస్త్రవేత్తను. హోదా వినడానికి బరువుగా ఉంటుంది గానీ, పని మాత్రం సీసాల్లో నీళ్లు పట్టుకొచ్చి పరీక్ష చేయడమే. ఒడ్డుకు నూనె కొట్టుకొస్తే అది ఎక్కడిదో తేల్చడం కూడా నా నెత్తినే ఉండేది. అందుకని పల్లెపాలేల్లో నన్ను 'నూనె సారు' అనేవాళ్లు. మాది పర్చూరు దగ్గర మిరప, పత్తి పండించుకునే కుటుంబం. "నూనె సారంటే నువ్వు గానుగ పెట్టావనుకుంటన్నారురా జనం" అని మా అమ్మ నవ్వేది. సముద్రం మా ఊరికి అంత దూరమేమీ కాదు. అయినా ఉద్యోగంలో చేరేదాకా కార్తీక పౌర్ణమి స్నానాలకు తప్ప నేను దాని మొహం చూసినవాణ్ణి కాదు.

చీరాలకు దక్షిణాన ఒక పల్లెపాలెం ఉంది. దాని పేరు ఇక్కడ రాయను. ఆ ఒడ్డుకు ఏళ్ల తరబడి తారు ఉండలు వస్తున్నాయి. వాటిని మేం టార్ బాల్స్ అంటాం. నీళ్ల మీద పడ్డ నూనె ఎండకు, అలలకు చిక్కబడి, ఉండలు కట్టి ఒడ్డుకు చేరుతుంది. వలకు అంటుకుందంటే ఆ వల పని అయిపోయినట్టే. జాలర్లు వచ్చిన ప్రతి అధికారికీ చెప్పుకున్నారు. విన్నవాళ్లందరూ తలూపి వెళ్లారు. ఆ తర్వాత అదే ఒడ్డున రొయ్యపిల్లల హేచరీలు వెలిశాయి. సముద్రం నుంచి తొట్లలోకి తోడుకునే నీళ్ల మీద రంగుల పొర తేలుతోందని వాళ్లు ఒక్కసారి ఫిర్యాదు చేశారో లేదో, మా జీపుకు డీజిల్ దొరికింది. ఎవరి నోటికి బలముంటే వాళ్ల మాటే కార్యాలయాలకు వినపడుతుందని నాకు అప్పటికే తెలుసు. అయినా ఆ రోజు సిగ్గేసింది.

ముందుగా ఆ నూనె ఏ జాతిదో తెలియాలి. దానికి గ్యాస్ క్రొమటోగ్రాఫ్ అనే యంత్రం ఉంటుంది. నూనెను ఆవిరి చేసి, అందులో ఏయే పదార్థాలు ఎంతెంత ఉన్నాయో గీతలుగా చూపిస్తుంది. ఒక నూనె గీతలు మరో నూనెకు సరిపోవు, మనిషి వేలిముద్రల్లాగే. అందుకే మేం దీన్ని ఫింగర్‌ప్రింటింగ్ అంటాం. మా దగ్గర అంత యంత్రం లేదు కాబట్టి శాంపిల్స్ విశాఖపట్నం పంపేవాళ్లం. జవాబు వచ్చేసరికి తీరిగ్గా ఒక పంట చేతికొచ్చేది. వచ్చిన జవాబు మాత్రం స్పష్టంగా ఉంది. అది భూమిలోంచి తోడిన ముడి చమురు కాదు, ఓడ ఇంజన్లలో వాడే బంకర్ ఆయిల్. ఏ నెలలో పట్టుకొచ్చిన శాంపిల్ అయినా అదే నూనె. పైగా ఉండ కట్టినా తాజాగానే ఉంది, చాలా రోజులు ఎండకు మాగిన లక్షణాలు లేవు.

దారినపోయే ఓడలు తొట్లు కడిగి వదిలిన నూనె అయితే ఒక్కోసారి ఒక్కో రకంగా ఉండాలి. ఎప్పుడూ ఒకటే నూనె, అదీ తాజాగా వస్తోందంటే, దగ్గరలోనే సముద్రం అడుగున మునిగిన ఓడ ఏదో ఉండాలి. దాని ఇనుము తుప్పు పట్టి, లోపలి నూనె కారుతూ ఉండాలి. ఇలాంటి లీకులు ఒక్కరోజులో ఆగిపోవు. ఓడలో నూనె ఉన్నంతకాలం, ఇనుము తినేసుకున్నకొద్దీ ఏళ్ల తరబడి కారుతూనే ఉంటాయి.

అద్దె బోటు తీసుకుని వెతికాం. గాలి లేని పొద్దుటిపూట నీళ్ల మీద నూనె పొర మెరుస్తుంది. దాన్ని షీన్ అంటాం. నీటి ప్రవాహం ఎటు నుంచి వస్తోందో చూసుకుని, ఆ పొరకు ఎదురుగా పోతే మూలం దొరకాలి. పుస్తకంలో అలాగే ఉంది. మాకు మాత్రం సగం దూరం పోయేసరికి గాలి లేచేది. గాలి లేస్తే పొర చెదిరిపోతుంది. నాకు వాంతులు మొదలయ్యేవి. ఎకో సౌండర్ అనే పరికరం నీళ్లలోకి శబ్దం పంపి అడుగు ఎంత లోతుందో చెబుతుంది. దాన్ని పెట్టుకుని అటూ ఇటూ దుక్కి దున్నినట్టు తిరిగాం. అంత సముద్రంలో ఆ దుక్కి ఏ మూలకు? ఒక సీజను అలాగే గడిచిపోయింది.

దారి చూపింది ఒక చేప ముక్క. చీరాల మార్కెట్లో అంకమ్మ అనే ఆవిడ దగ్గర వంజరం ముక్కలు కొన్నాను. ఆవిడ ఆ పల్లెపాలెం మనిషే. మేం ఒడ్డున సీసాలు నింపుకుంటుంటే చూసి పకపకా నవ్వేది. మెస్‌లో ఆ ముక్కలు వండించుకుంటే కిరసనాయిలు వాసన కొట్టింది. పైన అంటుకున్న వాసన కాదు, కండలోనే ఉంది. మిగతావాళ్ల వలలకు తారు అంటుతోంది గానీ చేపలు బాగానే ఉంటున్నాయి. ఈవిడ చేపకు మాత్రమే కండలో వాసన ఉందంటే, అది నూనె పుట్టేచోట మేసిన చేప అయి ఉండాలి. మర్నాడు మళ్లీ వెళ్లి ఇంకో ముక్క అడిగాను, పరీక్షకు పంపుతానని చెప్పి.

"ఏంది సారూ, నీళ్లయిపోయినయ్, ఇప్పుడు చేపల్ని కూడా సీసాలో పెట్టుకుపోతావా?" అంది అంకమ్మ. తర్వాత గొంతు తగ్గించింది. "వాసనొస్తందా? నిజం చెప్పు. కొనేవాళ్లు మొహం తిప్పుకుంటన్నారు. పసుపేసి కడుగుతున్నా, చింతాకేసి కడుగుతున్నా, పోవట్లా."

"ఈ చేప ఎక్కడ పడిందమ్మా?"

"అది మా ఆయన్నడుగు. నాకు తెలిస్తే గదా."

ఆవిడ దాస్తోందనుకున్నాను. నిజంగానే ఆవిడకు తెలియదు. పెళ్లయి అన్నేళ్లయినా తెలియదు.

ఆవిడ భర్త కోటయ్య. పొట్టి మనిషి, మాట కటువు. ఎదుటివాడు అధికారి అయితే ఇంకాస్త కటువు. ఆ పాలెంలో అందరూ వలలు వేస్తుంటే ఆయన మాత్రం గాలంతో పట్టేవాడు. ఒక్కడే పోయేవాడు. తిరిగొచ్చేటప్పుడు మంచి మంచి వంజరాలు, పార చేపలు తెచ్చేవాడు. వేరే బోటు ఏదైనా వెంటపడితే దారి మార్చి, ఊరికే తిరిగి, ఖాళీగా ఇంటికొచ్చేవాడట. "కోటయ్య వెంటబడితే డీజిలు దండగ" అని పాలెంలో ఒక మాట కూడా ఉండేది.

"సముద్రం నా అబ్బసొత్తా సారూ? అందరూ తిరిగే నీళ్లే. యాడ పడితే ఆడ పడతది చేప" అన్నాడు మొదటిసారి అడిగినప్పుడు. రెండోసారి అడిగితే గాలాల బుట్ట ఎత్తుకుని బోటు వైపు వెళ్లిపోయాడు. మూడోసారి నేను పరీక్ష ఫలితం పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. చేప కండలో ఉన్నది, ఒడ్డుకు వస్తున్నది ఒకటే నూనె అని చెప్పాను. కోటయ్య గాలం తాడు చుట్టుకుంటూ తలెత్తలేదు. అంకమ్మ మాత్రం ఊరుకోలేదు.

"ఇంకా దాచిపెట్టు. ఇంకో రెండేళ్లు పోతే ఆడ చేపలుండవు, తారుంటది. అప్పుడా గుట్టును కూరొండుకుని తిందాం."

"నీకు తెలవదే, ఊరుకో" అన్నాడు కోటయ్య. నా వైపు తిరిగాడు. "నువ్వు రైతుబిడ్డవంట గదా. మీ పొలానికి హద్దురాళ్లున్నయ్యా?"

ఉన్నాయన్నాను.

"మేం సముద్రంలో హద్దురాళ్లు పాతితే నిలుస్తయ్యా? మాకు తెలవటమే మాకు పట్టా. ఇంకోడికి తెలిసిందా, ఆ పట్టా చెల్లదు. మా నాయన నాకు చెప్పాడు, అది గూడా నీళ్ల మీద. నేల మీద నోరు జారితే పాతర పోద్దంటారు మావోళ్లు."

పాతర అన్న మాట వినగానే నాకు విషయం అర్థమైంది. మా ఊళ్లో జొన్నలు నేలలో గొయ్యి తవ్వి దాచేవాళ్లు. దాన్నే పాతర అంటారు. కోటయ్య తండ్రి ఎప్పుడో గాలం అడుగున తగులుకుంటే ఆ చోటు కనిపెట్టాడట. అక్కడేదో ఇనప సామాను మునిగి ఉందని, దాన్ని అంటిపెట్టుకుని చేపలుంటాయని ఆయనకు తెలిసిందట. అప్పటి నుంచి అది ఆ ఇంటి ఆస్తి. కోటయ్యకు వేరే ఆస్తి లేదు. చెబితే పాతర ఊరుమ్మడి అవుతుంది. చెప్పకపోతే నూనె దాన్ని తినేస్తుంది. ఆ ఇంట్లో ఆ రోజు జరిగిన గొడవంతా దానికోసమే.

వారం తిరక్కుండా అంకమ్మ కబురు చేసింది. కోటయ్య ఒప్పుకున్నాడు, కానీ షరతులున్నాయి. నూనె కారే చిల్లులు పూడ్చాలి తప్ప ఆ ఇనుమును పైకి లాగకూడదు. చోటు ఇంకెవరికీ తెలియకూడదు. బోటులో నేనూ, నీళ్లలో మునిగి పనిచేసే మా డైవరూ తప్ప బయటివాళ్లెవరూ ఉండకూడదు. ముఖ్యంగా చొక్కా టక్కు చేసుకున్నవాళ్లు ఎక్కకూడదు. ఊళ్లో ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. ఆ మాట నేను నిలబెట్టుకున్నాను. దానివల్ల ఒరిగిందేమీ లేదు, అది వేరే సంగతి.

మా డైవరు మస్తాన్ వలి గుంటూరు మనిషి. ఈత నేర్చింది సాగర్ కాలవలో, డైవింగ్ నేర్చింది విశాఖ హార్బర్లో. ఆ పొద్దున మేమిద్దరం వెళ్లేసరికి బోటులో కోటయ్యతో పాటు ఆయన కొడుకు శీను కూడా ఉన్నాడు. పెళ్లయి బిడ్డలున్న మనిషి. తండ్రి ఎప్పుడు చెబుతాడా అని ఏళ్లుగా చూస్తున్నాడట.

ఒడ్డు సన్నటి గీతలా అయ్యాక కోటయ్య ఇంజను ఆపాడు. మమ్మల్ని నేల వైపు తిరిగి కూర్చోమన్నాడు. ఒడ్డున రెండు గుర్తులు ఒకదాని వెనక ఒకటి రావాలి, ఇంకో పక్క మరో రెండు అలాగే కలవాలి. ఆ రెండు గీతలు కోసుకునేచోట మనం ఉన్నట్టు. వీటిని వాళ్లు గురుతులంటారు. ఆ నాలుగు గురుతులేమిటో ఇప్పుడు ఎవరికీ పనికిరావు, అయినా నేను రాయను. కోటయ్య ముందు కొడుక్కి చూపించాడు, తర్వాత నాకు.

"మా నాయన నాకు చెప్పిన రోజు కోడిని కోసి పండగ చేశాడు సారూ. నేను నా కొడుక్కి చెప్పే రోజున పరాయోళ్లు కూడా ఇంటన్నారు" అన్నాడు. తిట్టినట్టు అనలేదు, మామూలుగానే అన్నాడు.

మస్తాన్ దిగాడు. కృష్ణమ్మ తెచ్చే ఒండ్రు వల్ల ఆ నీళ్లలో అడుగున చెయ్యి చాస్తే చెయ్యి కనపడదు. తడుముకుంటూ పని చేయాలి. చాలాసేపటికి పైకొచ్చి, మాస్కు తీసి, రొప్పుతూ చెప్పాడు.

"ఓడే సార్. పక్కకు ఒరిగి ఉంది. ట్యాంకు మీద గాలిగొట్టాలు ఊడిపోయినయ్. ఆడ్నించి పాకం తీగలాగా కారతంది. చేతికి అంటుకుంటే వదలట్లేదు. ఇనుమైతే అప్పడం సార్, గట్టిగా గుద్దితే లోపలికి పోతది." అని నవ్వాడు. "చేపలైతే, అబ్బో! నా మాస్కులోకి తొంగి చూస్తన్నయ్ సార్."

కొడుకు వైపు చూసి కోటయ్య మీసం దువ్వుకున్నాడు. ఆ రోజు ఆయన మొహంలో గర్వం చూసింది ఆ ఒక్కసారే.

అసలైన వైద్యం హాట్ ట్యాపింగ్. ట్యాంకుకు బయటి నుంచి వాల్వు బిగించి, చిల్లు పొడిచి, లోపలి నూనెను వేడిచేసి పైకి తోడేయడం. దానికి పెద్ద నౌక కావాలి. ఆ నౌకకు ఎన్ని సంతకాలు కావాలో దేవుడికి ఎరుక. అందాకా తాత్కాలికంగా పూడుద్దామనుకున్నాం. గొట్టాల నోళ్లలో చెక్క మేకులు దిగ్గొట్టి, నీళ్లలోనే గట్టిపడే ఎపాక్సీ పుట్టీ మెత్తి, పైన రబ్బరు వేసి ఇనప రేకు బిగించడం. దీన్నే ప్యాచ్ అంటారు. సైకిలు ట్యూబుకు వేసేదీ అదే, ఓడకు వేసేదీ అదే.

పని చేస్తున్నప్పుడు నూనె మామూలుకన్నా ఎక్కువగా పైకి లేస్తుంది. దాన్ని పీల్చే సామగ్రి పై కార్యాలయం నుంచి రావాలి, రాలేదు. నాకు మా ఊరి పత్తి గుర్తొచ్చింది. గింజ తీసిన, ఉడకబెట్టని ముడి పత్తికి సహజంగా మైనం పూత ఉంటుంది. అది నీళ్లు తాగదు, నూనె తాగుతుంది, పైగా తేలుతుంది. ఆ రోజుల్లో పచ్చపురుగు తిన్న పత్తిని మా వైపు కొనే నాథుడు లేడు. జిన్నింగ్ మిల్లులో ఒక మూల పడున్న పుచ్చు పత్తి లారీకి ఎత్తించాను. చింపిరి వలల్లో దాన్ని కుక్కి, పొడుగాటి దిండ్లు కుట్టించి, మేం నలుగురమే వెళ్లి నీళ్ల మీద పరిచాం. పాలెం ఆడవాళ్లే కుట్టారు.

"రైతుకు కూడు పెట్టని పత్తి సముద్రానికి మూతి తుడుస్తందా!" అని అంకమ్మ వేళాకోళం చేసింది. ఆ దిండ్లు నల్లగా, బరువుగా అయ్యి ఒడ్డుకొచ్చినప్పుడు నాకు ఏదో గొప్ప పని చేసినట్టే అనిపించింది.

ప్యాచ్ నిలబడింది. నీళ్ల మీద పొర కనిపించలేదు. చలికాలంలో ఎలాగూ నూనె గడ్డకట్టి తక్కువగా కారుతుంది కాబట్టి లీకు ఆగిందని చెప్పడానికి నేను తొందరపడలేదు. ఎండలు ముదిరాక కూడా చూశాను. ఒడ్డున తారు ఉండలు లేవు. అంకమ్మ బుట్టలో చేపకు వాసన పోయింది. ఒకరోజు కబురుచేసి మరీ నన్ను భోజనానికి పిలిచింది. చేపల పులుసులో మా అమ్మ పంపిన గుంటూరు కారం వేసింది. కోటయ్య నా కంచంలో తల ముక్క వేశాడు. వాళ్లలో అది మర్యాద అని శీను చెవిలో చెప్పాడు. నా ఉద్యోగ జీవితంలో నేను తిన్న మంచి భోజనాల్లో అదొకటి.

అంతా బాగుందనుకున్న సమయంలో బోయా సంగతి వచ్చింది. నీళ్ల మీద తేలుతూ, గొలుసుతో అడుగుకు కట్టి ఉండే పెద్ద డ్రమ్మును బోయా అంటారు. మరమ్మతు నివేదిక పైకి పంపక తప్పదు, అందులో చోటు రాయక తప్పదు. మునిగిన ఓడ మీద మరమ్మతు చేశాక, ఆ చోట బోయా వేసి తీరాలని పై నుంచి ఆదేశం వచ్చింది. నేను సమావేశంలో అడ్డు చెప్పాను. అక్కడ చేపలున్నాయి, గుర్తు పెడితే బోట్లన్నీ అక్కడికే వస్తాయి అన్నాను.

మా పై అధికారి మంచివాడే. ఓపిగ్గా విన్నాడు. "రేపు దారినపోయే ఓడ దాని మీద లంగరు వేసి ట్యాంకు పగలగొడితే ఎవరిది పూచీ? అపాయం ఉన్నచోట గుర్తు పెట్టకపోతే తప్పు కాదా?" అన్నాడు. ఆ నియమం తప్పని నేననను. దాన్ని రాసినవాళ్లు ఓడల్ని చూసి రాశారు. కోటయ్యలను చూసి రాయలేదు, అంతే.

ఎరుపు రంగు బోయా, దాని నెత్తిన దీపం. అది ఒడ్డు నుంచి కూడా కనిపించేది. దాన్ని వేసిన రోజు కోటయ్య నా దగ్గరకొచ్చి, "ఊళ్లో దండోరా యేయించినా ఇంత పని జరిగేది కాదు సారూ" అని వెళ్లిపోయాడు. నేను వెనకే వెళ్లి, అది నా చేతుల్లో లేదని చెప్పబోయాను. ఆయన ఆగలేదు.

మొదట పాలెం వాళ్లే గాలాలు పట్టుకుని వెళ్లారు. ఇన్నేళ్లూ ఒక్కడే తిన్నాడని కోటయ్యను ఆడిపోసుకున్నారు. పక్క ఊళ్ల నుంచి వచ్చారు. ఆ తర్వాత ఎక్కడెక్కడి నుంచో మరబోట్లు వచ్చాయి. అవి ఇనప తాళ్లతో పెద్ద వలను సముద్రం అడుగున ఈడ్చుకుంటూ పోతాయి. దాన్ని ట్రాలింగ్ అంటారు. బోయా ఉన్నచోట ఓడ ఉందని వాళ్లకు తెలుసు. ఓడ పక్కగా ఎంత దగ్గరగా వల ఈడిస్తే అంత చేప పడుతుందని కూడా తెలుసు. రెండు సీజన్లలో ఆ చోటు ఊడ్చిపెట్టినట్టయింది. చివరికి ఏదో బోటు వల ఓడకే తగులుకుంది. తగులుకున్న వలను వదల్లేక ఇంజను పెంచి లాగారు. వల తెగలేదు, మా ప్యాచ్ ఊడిపోయింది. దాంతోపాటు ట్యాంకు రేకు కూడా చిరిగింది.

ఈసారి తారు ఉండలు కాదు, పచ్చి నూనే ఒడ్డుకొచ్చింది. నేను వెళ్లేసరికి పాలెమంతా ఒడ్డు మీదే ఉంది. ఇసుక నల్లగా మెరుస్తోంది. ఆడవాళ్లు నల్లబడిన వలల్ని చూసి శాపనార్థాలు పెడుతున్నారు. కోటయ్య నన్ను దూరం నుంచే చూసి, అరుస్తూ వచ్చాడు.

"మా నాయన కాణ్నించి నాదాకా ఒక్కనాడు దాని మీద వలెయ్యలేదయ్యా! వల తగులుకుంటే పాతర చెదిరిపోద్దని భయం. తుఫాన్లొచ్చినయ్, ఏం కాలేదు. మీరొచ్చారు, మందేశారు, జెండా పాతారు. ఇప్పుడు చూడు!" అన్నాడు. నా చొక్కా పట్టుకుంటాడేమో అనుకున్నాను. పట్టుకోలేదు. "నా పాతర పోయింది. నీ నూనె మిగిలింది. పట్టుకుపో, నీ సీసాల్లో పోసుకుని."

అంకమ్మ ఆయన్ని పక్కకు లాక్కుపోయింది. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "నేనే చెప్పమన్నా సారూ. నా నోరు పడిపోను" అంది. ఆయన తిట్లు నేను తట్టుకున్నాను. ఈవిడ మాట తట్టుకోలేకపోయాను. జీపులో కూర్చుని మస్తాన్ ముందే ఏడ్చాను.

అప్పుడు మాత్రం సంతకాలు పరుగెత్తాయి. నౌక వచ్చింది, హాట్ ట్యాపింగ్ జరిగింది, మిగిలిన నూనెను తోడేశారు. ఆ పని చేసేటప్పుడు తేలిందేమిటంటే, అక్కడ ఉన్నది సగం ఓడ మాత్రమే. మునిగేటప్పుడు రెండు ముక్కలై ఉంటుంది, మిగతా సగం ఎక్కడో ఉంటుంది అన్నారు. తోడటానికి కోసిన ఇనుము కోసినచోటే కూలిపోయింది. లీకు ఆగింది. మా కార్యాలయానికి మెప్పు వచ్చింది. హేచరీల వాళ్లు పూలదండలు తెచ్చారు. అందులో ఒక దండ నా మెడలో కూడా పడింది. ఏం చేయను, వేయించుకున్నాను.

శీను మార్టూరు వెళ్లి గ్రానైటు పాలిషింగ్ యూనిట్‌లో చేరాడు. కోటయ్య ఒక హేచరీలో వాచ్‌మన్ అయ్యాడు. సముద్రానికి ఎదురుగా గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవాడని విన్నాను.

2006లో ఉత్తరంగా, నిజాంపట్నం వైపు ఒడ్డున మళ్లీ తారు ఉండలు కనిపించాయి. శాంపిల్ పంపాను. గీతలు చూడగానే గుర్తుపట్టాను. అదే ఓడ నూనె. రెండో సగంలో కూడా ఒక ట్యాంకు ఉండి, ఇప్పుడు దానికి చిల్లు పడి ఉంటుంది. ఆ సగం ఎక్కడుందో తెలిసిన జాలరి ఎవరో ఒకరు ఉండే ఉంటారు. ఇనుము ఉన్నచోట చేప ఉంటుంది, చేప ఉన్నచోట ఎవరిదో పాతర ఉంటుంది.

ఊరూరా తిరిగాను. టీలు ఇచ్చారు, మంచాలు వాల్చారు, మర్యాదకు లోటు లేదు. చోటు అడిగితే మాత్రం అందరిదీ ఒకటే మాట: "మాకు తెలవదండి." బోయా కథ తీరం పొడుగునా పాకింది. కొత్తగా వచ్చిన కుర్ర అధికారులు వీళ్లకు నిజంగానే ఏమీ తెలియదనుకున్నారు. నేను అనుకోలేదు.

ఆఖరికి కోటయ్య దగ్గరికే వెళ్లాను. హేచరీ గేటు దగ్గరే ఉన్నాడు. జుట్టు నెరిసింది, చూపు తగ్గింది. నన్ను గుర్తుపట్టి కుర్చీ నాకిచ్చి, తను మెట్టు మీద కూర్చున్నాడు. కోపం లేదు. అమ్మ ఎలా ఉందని అడిగాడు. ఈ ఏడు మిరపకు రేటుందా అని అడిగాడు. అంకమ్మకు మోకాళ్ల నొప్పులని చెప్పాడు. చాలాసేపు అవీ ఇవీ మాట్లాడుకున్నాక సంగతి చెప్పాను.

ఆయన విన్నాడు. సముద్రం వైపు చూశాడు.

"నాకు తెలిసింది ఒక్కటే బాబూ. అది నీకు చెప్పా గదా" అన్నాడు.

ఆ రెండో చోటు ఆయనకు తెలుసో తెలియదో నాకు తెలియదు. నేను మళ్లీ అడగలేదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు యంత్రాల గురించి అడుగుతారు, అవి నేర్పుతాను. దాంతోపాటు ఇంకో మాట కూడా చెబుతాను. ఒక మనిషి తనకున్న ఒకే ఒక్క సంగతి మనకు చెప్పబోయే ముందు, అది విన్నాక మన కార్యాలయం ఏమేం చేయక తప్పదో మనమే ఆయనకు చెప్పాలి. అంతా విన్నాక ఆయన చెప్పనంటే ఇంకో సీజను వెతుక్కోవాలి. కోటయ్యకు అలా చెప్పడానికి అప్పట్లో నాకే ఆ సంగతులు తెలియవు. తెలిసి ఉంటే బాగుండేదని ఇన్నేళ్ల తర్వాత కూడా అనుకోని రోజు లేదు.

నేను రిటైరయ్యేదాకా ఆ రెండో సగం దొరకలేదు. ఎండాకాలంలో ఇప్పటికీ ఆ ఒడ్డుకు తారు వస్తుందంటారు. అది ఎక్కడి నుంచి వస్తోందో ఆ ఊళ్లలో ఒక ఇంటికి తెలుసు. వాళ్లు చెప్పరు. వాళ్ల స్థానంలో ఉంటే నేనూ చెప్పను.